నిఖిల నెక్

అక్టోబర్ 18

ఇవాళ హాల్లో ఎటు చూసినా నా జాకెట్టే. గొంతు దాకా మూసిన కాలరు, మణికట్టు దాకా చేతులు, వీపున వరసగా గుండీలు. కెనడాలో మా కేంబ్రిడ్జ్ తెలుగువాళ్ల దీపావళి పార్టీకి వచ్చిన ఆడవాళ్లలో సగం మంది అదే కుట్టించుకొచ్చారు. ఇక్కడివాళ్లందరికీ ఇండియాలో జాకెట్లు కుట్టించి తెప్పించి ఇచ్చే బేబీ ఆంటీ దానికి పేరు కూడా పెట్టేసింది. "బోట్ నెక్ కావాలా, నిఖిల నెక్ కావాలా?" అని అడుగుతుందట. విండ్సర్ నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయట.

"ఎంతైనా నీ టేస్టే వేరమ్మా నిఖిలా," అంది ఆంటీ, నా పేపర్ ప్లేటులో రెండో గారె వేస్తూ.

"థాంక్స్ ఆంటీ," అన్నాను.

టేస్టట టేస్టు. నా బొంద టేస్టు.

నా డైరీలో కూడా నేను అబద్ధమాడితే ఇంకెక్కడ నిజం చెబుతాను? ఆ కాలరు కింద ఉన్నది బొల్లి. మెడ కింద మొదలై భుజాల మీద, చేతుల మీద, వీపు పైభాగంలో తెల్లమచ్చలు. పద్నాలుగో ఏట వచ్చాయి. ముఖానికి రాలేదు, అమ్మ లెక్కలో అది వెంకన్న దయ. మచ్చ బయటపడిన వారంలోనే అమ్మ నన్ను తెనాలిలో మా టైలర్ శంకర్ దగ్గరికి తీసుకెళ్లి, "ఇక్కడిదాకా కాలరు, ఇక్కడిదాకా చెయ్యి," అని నా ఒంటి మీద వేలితో గీసి చూపించింది. ఈ ఫ్యాషన్ పుట్టుక అదీ. పాపం బేబీ ఆంటీకి తెలియదు.

అయినా నాకు హై నెక్ ఇష్టమే. నిజంగానే ఇష్టం.

అక్టోబర్ 25

కుట్టు క్లాసులో చేరాను. గ్రాండ్ నది ఒడ్డున మిల్లు యజమాని కట్టుకున్న పాత రాతి ఇల్లు ఒకటుంది, ఇప్పుడది మ్యూజియం. శనివారాలు అక్కడ బార్బ్ అనే పెద్దావిడ 1880ల నాటి ఆడవాళ్ల విందు దుస్తులు కుట్టడం నేర్పుతుంది. ఫిబ్రవరిలో అదే ఇంట్లో విందు, మేం కుట్టినవి మేమే వేసుకుని మెట్లు దిగాలట.

ప్లాంటులో క్వాలిటీ ఇంజనీరుని నేను. రోజంతా కార్ల బంపర్ల మీద పెయింటు మచ్చలు వెతకడమే నా ఉద్యోగం. దేవుడికి హాస్యం కాస్త ఎక్కువే. వారానికి ఒక్కరోజైనా మచ్చలు వెతకని పని చేద్దామని చేరాను.

బార్బ్ మొదటి పాఠమే నా తలలో కూర్చుంది. ఆ రోజుల్లో అంత ఖరీదైన పట్టుతో లంగా ఒకటే కుట్టించుకునేవాళ్లట. దాని మీదికి రవికలు రెండు. పగటికి ఒకటి, చుబుకం దాకా కాలరు, నిండు చేతులు. రాత్రికి ఒకటి, మెడా భుజాలూ చేతులూ అన్నీ బయటికే. పగలు మెడ చూపించినామె సిగ్గులేనిది. రాత్రి విందుకు మెడ కప్పుకుని వెళ్లినామె మర్యాద తెలియనిది. ఊరదే, మెడా అదే, ఆ నలుగురూ అదే నలుగురు. గడియారం చూసుకుని సిగ్గుపడాలన్నమాట!

ఇంటికొచ్చేదాకా కారులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నేను రెండూ కుడతాను. వేసుకునేది పగటి రవికే. రెండోది ప్రాక్టీసుకే.

నవంబర్ 2

హర్ష టొరంటో అవతల ఏజాక్స్ నుంచి వచ్చాడు. గంటన్నర డ్రైవ్ చేసి, నాకిష్టమని పునుగులు కట్టించుకుని వచ్చాడు. ఫిబ్రవరి ఆఖరున మా ఎంగేజ్‌మెంట్. హాలు బుక్ చేశాడు.

హర్ష మంచివాడు. సంబంధం చూస్తున్న రోజుల్లో, మూడోసారి కలిసినప్పుడు, టిమ్స్ కాఫీషాపులో కాఫీ ముందు పెట్టుకుని చెప్పేశాను, నాకు బొల్లి ఉంది అని. అంతకుముందు ఇద్దరికి చెబితే ఇద్దరూ జాతకాలు కుదరలేదన్నారు. వాళ్లలో ఒకడికి జాతకాల మీద నమ్మకమే లేదు. హర్ష మాత్రం, "సో వాట్? నాకేం పట్టింపు లేదు," అన్నాడు. అన్నాక డోనట్ తిన్నాడు. ఆ డోనట్ తినడం చూసి నాకు ఏడుపొచ్చింది, అంత మామూలుగా తిన్నాడు.

నవంబర్ 8

బార్బ్ ఇవాళ ఒక యువరాణి ఫోటో చూపించింది. ఇంగ్లండు కోడలు. చిన్నప్పుడు మెడ మీద ఏదో కోత పడి మచ్చ మిగిలిందట. అది కనపడకుండా ముత్యాల పట్టీలు వరసలు వరసలుగా మెడ నిండా కట్టుకునేదట. చూసినవాళ్లు అదేదో గొప్ప ఫ్యాషన్ అనుకుని, లండన్ ఏమిటి, సముద్రం ఈవల ఉన్నవాళ్లు కూడా మెడలు బిగించేసుకున్నారట. మచ్చ ఒకరిది, పట్టీ ఊరందరిదీ.

క్లాసులో అందరూ "ఓ, హౌ ఇంట్రెస్టింగ్" అన్నారు. నేను పగలబడి నవ్వాను. ఆగలేకపోయాను. బార్బ్ కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, ఫోటో పక్కనపెట్టింది.

నవంబర్ 16

హర్షా, వాళ్లమ్మ శ్యామల గారూ వచ్చారు. హర్షని మార్కెట్‌కి పంపించి, బెడ్‌రూమ్‌లోకి రమ్మన్నారు.

"ఎంతవరకు ఉందమ్మా? ఏమీ అనుకోకు. రేపు ఎవరైనా అడిగితే నాకు తెలిసుండాలి కదా."

కాలరు గుండీలు విప్పి చూపించాను. ఎందుకు చూపించాను? వద్దనాల్సింది. ఆవిడ ముట్టుకోలేదు, చీర కొనేముందు అంచు చూసినట్టు కాస్త వంగి చూశారు. "పర్లేదు, కాలరు కిందే ఉన్నాయి," అన్నారు. ఆ తర్వాత సంచిలోంచి ఆరు జాకెట్లు తీశారు. ఆరూ నిఖిల నెక్కే! నా కొలతలు అమ్మని అడిగి కుట్టించారట. అన్నీ మంచి పట్టు, మంచి పని.

"మాకేం లేదమ్మా, నువ్వు బంగారం. మా వాళ్ల నోళ్లకే భయం. హర్ష చెల్లెలికి కూడా చూస్తున్నాం కదా. నీ అదృష్టం చూడు, ఫ్యాషన్ నీకు కలిసొచ్చింది. నేనూ ఒకటి కుట్టించుకున్నాను."

హర్ష వచ్చాక చెప్పాను. "అమ్మ అంత ప్రేమగా తెచ్చింది, దానికీ తప్పు పడితే ఎలా నిఖీ?" అన్నాడు.

నిజమే. ప్రేమగానే తెచ్చారు. హర్ష మంచివాడు.

నవంబర్ 17

కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

నవంబర్ 29

ఇవాళ చీరలు కోశాను. నెమలికంఠం రంగు పట్టుచీరలు రెండు, అక్క పెళ్లికి అమ్మ కొన్నవి. వీడియోకాల్‌లో చూసి అమ్మ, "కోసేశావా! బంగారంలాంటి చీరలు కోసేశావా!" అని గుండెలు బాదుకుంది. చిన్నప్పుడు తన చీరలు కోసి నాకు పరికిణీలు కుట్టించింది తను కాదా? అదడిగితే, "అది వేరే," అంది. అమ్మకి ఇష్టంలేని ప్రతిదీ వేరే.

బార్బ్ పారిస్ సంగతులు చెప్పింది. అక్కడి పెద్ద కుట్టుశాలల గౌను ఒకటి ఓడెక్కి మాంట్రియల్‌కో టొరంటోకో వచ్చేదట. షాపులవాళ్లు దాన్ని కుట్లు విప్పి, ముక్కలు పరిచి, కొలతలు తీసుకుని కాపీలు కొట్టేవాళ్లట. రంగుల బొమ్మలతో పత్రికలు వచ్చేవట. అవి చూసి మన ఈ మిల్లుల ఊళ్లో దర్జీ ఆడవాళ్లు కుట్టేవాళ్లట. ఇక్కడ అందరూ చర్చి భక్తులు కాబట్టి, పారిస్ మెడని రెండంగుళాలు పైకి జరిపి, మిగిలిన చోట లేసు నింపేసేవాళ్లట. మ్యూజియంలో ఉన్న యజమాని భార్య గౌనుకీ ఆ లేసుంది. పారిస్ కూడా వచ్చి వచ్చి కేంబ్రిడ్జ్‌లో కొంగు కప్పుకుందన్నమాట.

ఇంకొకటి చెప్పింది. మెడ కోసేటప్పుడు ఎప్పుడూ పైకే కొయ్యాలి. తొడుక్కుని చూసుకుని, కొంచెం కొంచెం కిందికి దించుకోవచ్చు. ఒకసారి కిందికి కోసేశాక పైకి అతకడం ఎవరి వల్లా కాదు.

డిసెంబర్ 13

బుట్టచేతులు! బార్బ్ పుస్తకంలో 1890ల బొమ్మ చూసి అరిచినంత పని చేశాను. మా అమ్మమ్మ పెళ్లిఫోటోలో అవే చేతులు. పారిస్‌లో ఎప్పుడో పాతబడి చెత్తలో పడ్డ చేతులు, ఓడలెక్కి రైలెక్కి, తెనాలి వచ్చి, అమ్మమ్మ భుజాలెక్కి కూర్చున్నాయి. ఆవిడ ఫోటోలో ఎంత ధీమాగా చూస్తోందో, ఆ చేతులు తనే కనిపెట్టినట్టు.

అమ్మమ్మ మెడ కూడా కనిపిస్తోంది ఫోటోలో. గుండ్రటి మెడ, కంటె. చక్కని మెడ.

డిసెంబర్ 28

నాలుగు రోజులు ఏజాక్స్‌లో హర్ష వాళ్లింట్లో ఉండి వచ్చాను. బాగా చూసుకున్నారు. బాగా చూసుకున్నారు అని రెండుసార్లు రాయాల్సిన అవసరం ఏముందో నాకు తెలియడం లేదు.

ఒక మాట మాత్రం దారిపొడుగునా వెంటపడింది. నాకు మచ్చలున్నాయని హర్షకి తెలుసు. పట్టింపు లేదంటాడు. కానీ ఇంతవరకూ చూడలేదు. నేను చూపించలేదు, సరే. అతనూ ఒక్కసారి అడగలేదు.

సిగ్గరి. అంతే అయ్యుంటుంది.

జనవరి 10

రాత్రి రవికకి కొలత చూసే రోజు. తెర వెనక బనియనుతో నిలబడ్డాను. బార్బ్ నోట్లో గుండుసూదులు పెట్టుకుని వచ్చింది. చూసింది. దాచడానికేముంది, భుజాలన్నీ కళ్లెదుటే ఉన్నాయి. నేను ముందే సిద్ధంగా ఉన్నాను, అయ్యో అంటే ఏం చెప్పాలో, సైంటిఫిక్‌గా వివరించమంటే ఏం చెప్పాలో.

ఆవిడ సూదులు తీసి, సుద్దముక్క పట్టుకుని, "మెడ ఎక్కడిదాకా కావాలి?" అంది.

నన్ను అది అడిగినవాళ్లు లేరు. నా ఇరవై తొమ్మిదేళ్లలో ఎంతమంది నా మెడ గురించి మాట్లాడారు! అమ్మ, శంకర్, డాక్టర్లు, ఆయుర్వేదం అంకుల్, శ్యామల గారు. అందరూ చెప్పారు. ఎవరూ అడగలేదు.

"ఇంకా కిందికి," అన్నాను. ఆవిడ గీత చెరిపి మళ్లీ గీసింది. "ఇంకా కొంచెం," అన్నాను.

"ఇంకా దించితే ఇది రవిక కాదు, బెల్టవుతుంది," అంది బార్బ్. ఇద్దరం నవ్వాం.

ఇది ప్రాక్టీసుకే అని రాసుకున్నాను కదా. రాసుకున్నాను.

జనవరి 24

విందుకి తనూ అమ్మా వస్తున్నామని హర్ష ఫోన్ చేశాడు. టికెట్లు కూడా కొన్నాడట. బేబీ ఆంటీ కూతురు ఇషిత అక్కడే గుమ్మం దగ్గర అతిథుల చలికోట్లు అందుకుని టోకెన్లిచ్చే పనికి ఉంటుంది, హైస్కూల్ వాలంటీర్ అవర్స్ కోసం. అంటే మనవాళ్ల కళ్లు మూడు జతలు.

"నువ్వు వేసుకునేది ఆ కాలరుదే కదా?" అన్నాడు.

"అవును," అన్నాను.

అబద్ధం చెప్పానో నిజం చెప్పానో నాకింకా తెలియదు.

ఫిబ్రవరి 7

కోపం ఇంకా తగ్గలేదు. వరసగా రాస్తాను.

రెండు రవికలూ తీసుకెళ్లాను. పైగదిలో అందరూ తయారవుతున్నారు. లంగా కట్టుకుని, మంచం మీద రెండూ పక్కపక్కన పరిచి నిలబడ్డాను. పగటిది తొడుక్కున్నాను. సగం గుండీలు పెట్టాను. కింద ఫిడేలు మొదలైంది. అద్దంలో చూసుకుంటే నిఖిల నెక్. తెనాలిలో శంకర్ షాపులో నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల అలాగే ఉంది, కాకపోతే వెంట్రుక ఒకటి నెరిసింది.

విప్పేశాను. "బార్బ్, తాళ్లు బిగించాలి," అన్నాను. వెనక తాళ్లతో కట్టేది కదా రాత్రి రవిక, ఒంటరిగా వేసుకోలేం. ఆవిడ మోకాలు నా నడుముకి ఆనించి మరీ లాగింది.

మెట్లు దిగాను. మెడ, భుజాలు, చేతులు, అన్నీ. అరవైమంది తలెత్తి చూశారు. ఏమీ కాలేదు. నిజంగా ఏమీ కాలేదు! నేల బద్దలవలేదు, ఫిడేలు ఆగలేదు. ఒక పెద్దాయన వంగి నమస్కారం పెట్టాడు. ఒంటికి గాలి తగులుతోంది. భుజాలకి గాలి తగిలి ఎన్నేళ్లయిందో, ఆ హాయికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మెట్ల చివర హర్ష నిలబడి ఉన్నాడు, నేవీ బ్లూ సూటు. పక్కన శ్యామల గారు, పట్టుచీర మీదికి నిఖిల నెక్. ఆవిడ ముఖంలో రంగు పోయింది. హర్ష రెండంగల్లో నా దగ్గరికొచ్చి, తన కోటు విప్పి నా భుజాల మీద కప్పాడు.

"చలిగా ఉంటుంది," అన్నాడు, నవ్వుతూ.

చుట్టూ ఉన్న తెల్ల ఆడవాళ్లు "ఆఁ..." అని మురిసిపోయారు. ఎంత ప్రేమ, ఎంత మర్యాద! ఒకామె గుండె మీద చెయ్యి కూడా వేసుకుంది. ముందు గుండీ పెట్టడానికి హర్ష వేళ్లు తడబడుతున్నాయి. అప్పుడు తెలిసింది. అతను నా కళ్లలోకి చూస్తున్నాడు, కోటు గుండీల్లోకి చూస్తున్నాడు, మధ్యలో ఉన్న నన్ను చూడటం లేదు.

"నాకు చలి లేదు హర్షా," అన్నాను.

"ప్లీజ్ నిఖీ. అమ్మ చూస్తోంది."

కోటు తీసి, మడతపెట్టి, నేరుగా ఇషిత దగ్గరికి వెళ్లాను. "ఇదిగో, హర్ష కోటు. టోకెన్ ఇవ్వు," అన్నాను. పిల్ల టోకెన్ ఇచ్చింది. తీసుకొచ్చి అతని చేతిలో పెట్టాను. "వెళ్లేటప్పుడు తీసుకో."

ఇషిత నా వెనకే వచ్చింది, కళ్లింతచేసుకుని. "నిఖిలక్కా, ఇజ్ దట్ పెయింట్? ఇట్స్ సో కూల్. హూ డిడ్ ఇట్?"

"పెయింటు కాదే. నా చర్మం."

"వెయిట్, లైక్, ఆల్వేస్?" ఒక్క క్షణం ఆలోచించింది. "సో ద హై నెక్ వజ్... ఓ మై గాడ్. మమ్మీ సోల్డ్ దోజ్ టు ఎవ్రీవన్."

నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాను. ఆ పిల్లా నవ్వింది. "కెన్ ఐ పోస్ట్ ఎ పిక్చర్?" అంది. ఒక్క క్షణం ఊపిరి బిగిసింది, తాళ్ల వల్ల కాదు.

"పెట్టు," అన్నాను.

ఫిబ్రవరి 8

పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అమ్మమ్మ అనేది. ఇప్పుడు పెదవి కూడా దాటక్కర్లేదు. నేను కాఫీ పెట్టుకునేలోపే ఫోటో తెనాలి చేరింది.

కేంబ్రిడ్జ్ లేడీస్ గ్రూపులో ముందు నిశ్శబ్దం, తర్వాత దండాలు, ఏడుపు బొమ్మలు, "స్టే స్ట్రాంగ్ డియర్". నేను చచ్చిపోయినట్టు. ఎవరో హోమియో డాక్టర్ నంబర్ పెట్టారు. బేబీ ఆంటీ ఫోన్ చేసి, "ముందే చెప్పుంటే నేను దానికి ఆ పేరు పెట్టేదాన్నా అమ్మా, నా నోరు పడిపోను," అని ఏడ్చింది. నేనే ఓదార్చాను.

అమ్మ ఫోన్ చేసింది. ముక్కు చీదిన చప్పుడు. నేను తిట్లకి సిద్ధమయ్యాను.

"వెనక నుంచి తీసిన ఫోటో లేదా?" అంది.

"ఎందుకు?"

"వీపు మీద ఎంతవరకు వచ్చిందో చూద్దామని. నేను చూసినప్పుడు అర్ధరూపాయి బిళ్లంత ఉంది. ఆ తర్వాత నువ్వు నాకు కూడా చూపించలేదు కదే."

కప్పుకో కప్పుకో అన్నది తనే. నేను ఎంత బాగా కప్పుకున్నానంటే, తన నుంచి కూడా కప్పేసుకున్నాను. ఇషితని అడిగి వెనక ఫోటో తెప్పించి పంపాను. మళ్లీ ఫోన్ చేసింది.

"గుండీలు లేవేంటి? తాళ్లా? ఎవరు బిగించారు?"

"మా టీచరమ్మా."

"గట్టిగా బిగించింది. శంకర్ కుట్టినవి ఎప్పుడూ వదులే," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను, ఊరికే కాదు, వెక్కి వెక్కి.

ఫిబ్రవరి 10

హర్ష ఫోన్ చెయ్యలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాడు కదా, బిజీ అయ్యుంటాడు.

హర్ష మంచివాడు.

ఫిబ్రవరి 12

చేశాడు. గొంతులో ఉత్సాహం.

"అమ్మని ఒప్పించాను నిఖీ. మూడు రోజులు పట్టింది. ఎంగేజ్‌మెంట్‌కి నీకిష్టమైన నెక్ వేసుకో, స్లీవ్‌లెస్ అయినా సరే. మిసిసాగాలో మేకప్ ఆర్టిస్ట్ ఉంది, ఎయిర్‌బ్రష్ చేస్తుంది. అస్సలు కనపడవు. ఇద్దరికీ ఓకే."

లేసు నింపేస్తున్నాడు! పారిస్ మెడ, కేంబ్రిడ్జ్ లేసు.

"ఆ రోజు నువ్వు చూశావా హర్షా? సరిగ్గా చూశావా?"

"చూశాలే."

"ఎలా ఉన్నాయి?"

"అది కాదు పాయింటు. నాకు నువ్వంటే ఇష్టం. అవి నాకు ముఖ్యం కాదు."

"వాటిని పక్కనపెట్టి నన్ను ఇష్టపడటానికి అవి నా పక్కింటివాళ్లు కాదు హర్షా. నాతోనే పడుకుంటాయి, నాతోనే లేస్తాయి."

"ఒక్కరోజు నిఖీ. ఒక్క మూడు గంటలు."

పాపం, అతనికి అది నిజంగా చిన్న విషయం. నాకూ పదిహేనేళ్లుగా చిన్న విషయమే, రోజుకొక్క కాలరు. ఆలోచించి చెబుతానన్నాను.

ఫిబ్రవరి 13

హర్ష మంచివాడు. పునుగులు తెస్తాడు. వాళ్లమ్మతో మూడు రోజులు పోట్లాడాడు. చలేస్తుందని కోటు కప్పుతాడు.

మంచివాడే. నాకు చలి వెయ్యడం లేదు, అంతే.

ఫిబ్రవరి 15

చెప్పేశాను. మిల్టన్‌లో టిమ్స్‌లో కలిశాం, ఇద్దరికీ మధ్యదారి అని. నేను చేతుల్లేని స్వెటర్ వేసుకుని వెళ్లాను. మైనస్ పదకొండులో అది పిచ్చిపనే, కానీ అతనికి ఇంకో అవకాశం ఇద్దామనిపించింది. కూర్చున్నాం. గంటసేపు నా ముఖాన్నే చూస్తూ మాట్లాడాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కళ్లు కిందికి దించి ఉంటే ఏమయ్యేదో. దించలేదు. పక్క టేబుల్‌లో తెలుగువాళ్లెవరైనా ఉన్నారేమో అని మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగాడు.

"ఎంగేజ్‌మెంట్ వద్దు హర్షా," అన్నాను.

"ఒక్క మేకప్ కోసమా?"

"అవును. ఒక్క మేకప్ కోసమే."

"నీలాంటిదాన్ని ఒప్పుకునేవాళ్లు..." అని ఆగిపోయాడు. మంచివాడు కాబట్టి ఆగాడు. "సారీ," అన్నాడు. డోనట్ అలాగే ఉండిపోయింది.

కారు ఎక్కాక భయమేసింది. అమ్మకి ఏం చెప్పను, ముప్ఫై వస్తోంది, ఇంకెవరు దొరుకుతారు, అన్నీ వరసగా వచ్చాయి. వచ్చి కూర్చున్నాయి. కూర్చోనీ. వాటినీ ఎక్కించుకుని కేంబ్రిడ్జ్ దాకా డ్రైవ్ చేశాను.

ఫిబ్రవరి 17

అమ్మ తిట్టింది. వెనక ఫోటో చూసి మెత్తబడింది కదా అనుకున్నాను, అది వేరేనట. "దొరక్క దొరక్క దొరికిన సంబంధం కాలదన్నుకున్నావు," అని ఫోన్ పెట్టేసింది. పెట్టుకోనీ. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదురుతాయా?

కొంచెం బెదిరాయి.

ఫిబ్రవరి 21

శ్యామల గారికి ఫోన్ చేశాను. ఆరు జాకెట్లూ పంపించేస్తాను ఆంటీ అన్నాను. ఒక్కటీ తొడగలేదు, అలాగే ఉన్నాయి.

"ఎందుకమ్మా, ఉంచుకో," అన్నారు. గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది. "నీకోసమని కుట్టించినవి. నీకు తప్ప ఇంకెవరికి పనికొస్తాయి చెప్పు?"

ఫిబ్రవరి 28

ఇవాళ ఎంగేజ్‌మెంట్ కావలసిన రోజు. పొద్దున్నే అమ్మ ఫోన్. పది రోజుల తర్వాత మొదటిసారి. "తిన్నావా?" అంది. "తిన్నాను," అన్నాను. "ఒక్కదానివే ఉండకు, ఎటైనా వెళ్లు," అంది.

బేబీ ఆంటీ వాళ్లింటికి భోజనానికి పిలిచింది. గ్రూపు వాళ్లంతా వస్తారట. జాలి బొమ్మలు పెట్టినవాళ్లు, హోమియో నంబర్ పెట్టినవాళ్లు, అందరూ. ముందు రానన్నాను. తర్వాత వస్తున్నానన్నాను.

బీరువాలోంచి ఆ ఆరు జాకెట్లూ తీసి టేబుల్ మీద పరిచాను. బార్బ్ ఇచ్చిన సుద్దముక్క, పెద్ద కత్తెర. ఒక్కొక్కటే తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, ఎక్కడిదాకా కావాలో నన్ను నేనే అడిగి గీసుకున్నాను. విప్పి కోశాను. కాలర్లు ఆరూ వలయాల్లా కింద పడ్డాయి. చేతులు పన్నెండూ పడ్డాయి. మంచి పట్టు, కత్తెరకి చక్కగా తెగింది. ఒకసారి కిందికి కోసేశాక పైకి అతకడం ఎవరి వల్లా కాదని బార్బ్ చెప్పింది. తెలిసే కోశాను.

అంచులు మడిచి కుట్టేసరికి మధ్యాహ్నమైంది. మామిడిపండు రంగుది తొడుక్కుని, చీర కట్టుకుని, అమ్మమ్మ కంటె పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ కాలరు మీద పెట్టుకునేదాన్ని, ఇవాళ చల్లగా చర్మానికే ఆనింది. అద్దంలో ఇటు తిరిగి, అటు తిరిగి, వెనక్కి కూడా తిరిగి చూసుకున్నాను.

శ్యామల గారు సరిగ్గానే చెప్పారు. ఈ జాకెట్లు నాకు తప్ప ఇంకెవరికీ పనికిరావు.